డ్రయ్యర్ తిరుగుతోంది, వేడి మాత్రం రావడం లేదు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెజవాడ, గుంటూరు ఇళ్లలో టంబుల్ డ్రయ్యర్ ఇంకా అరుదే. ఉన్నవాళ్లకు కూడా అది గుర్తొచ్చేది ముసురు పట్టినప్పుడే. నాలుగు రోజులు ఎండ మొహం కనపడక, యుటిలిటీలో తాళ్ల మీద బట్టలు ముక్కిన వాసన కొడుతుంటే అప్పుడు స్విచ్ వేస్తారు. వేసవంతా మూలన పడున్న మెషిన్ సరిగ్గా ఆ రోజే మొండికేస్తుంది.

వేడి రాలేదనగానే అందరూ ముందు హీటరు లోపల వేడి పుట్టించే కాయిల్‌నే అనుమానిస్తారు. నిజానికి కాయిల్ వంతు ఆఖర్న. ముందు గాలి దారి చూడాలి, తర్వాత కరెంటు, ఆ తర్వాత కటౌట్లు, అంటే వేడి హద్దు దాటితే హీటరుకు కరెంటు ఆపే ముక్కలు. కింది జవాబులన్నీ ఆ వరసలోనే నడుస్తాయి.

మా సెమీ ఆటోమేటిక్‌లో డ్రయ్యర్ టబ్ గిర్రున తిరుగుతుంది, కానీ బట్టలు చల్లగానే వస్తున్నాయి. హీటర్ పోయిందా?

అందులో హీటరే ఉండదు. మనం అలవాటుగా డ్రయ్యర్ అనేది స్పిన్ టబ్‌ని. అది బట్టల్లో నీళ్లను విసిరికొట్టి పిండుతుంది, అంతే. టాప్ లోడ్ మెషిన్లలో ‘ఎయిర్ డ్రై’, ‘టబ్ డ్రై’ అని ఉండే బటన్లు కూడా చాలా మోడళ్లలో ఉత్త గాలికే. రేటింగ్ ప్లేటు (మోడల్, వాట్స్ రాసి ఉండే పట్టీ) మీద మొత్తం వాట్స్ 300, 400 దగ్గరే ఆగిపోతే అందులో వేడి చేసే భాగం లేదని లెక్క. ఈ పేజీ వేడిగాలితో ఆరబెట్టే మెషిన్ల గురించి.

మాది ఏ రకమో ఎలా తెలుసుకోవాలి?

వెనక నాలుగంగుళాల గొట్టం తగిలించే రంధ్రం ఉంటే వెంటెడ్. తడి గాలిని ఇంటి బయటికి నెట్టేస్తుంది. గొట్టం లేకుండా, లాగితే బయటికొచ్చే నీళ్ల ట్యాంకు ఉండి, కింది చిన్న తలుపు వెనక సన్నటి అల్యూమినియం రేకుల దిమ్మ సొరుగులా జారితే కండెన్సర్. నీళ్ల ట్యాంకు ఉండి, రేటింగ్ ప్లేటు మీద ఆర్134ఏ, ఆర్290 లాంటి గ్యాస్ పేరూ గ్రాముల లెక్కా కనపడితే హీట్ పంపు. ఉతకడం, ఆరబెట్టడం ఒకే డ్రమ్ములో అయితే వాషర్ డ్రయ్యర్. రేటింగ్ ప్లేటు సాధారణంగా తలుపు అంచు మీదో, వెనక రేకు మీదో ఉంటుంది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, మళ్లీ మళ్లీ అవసరమవుతుంది.

అసలు వేడే రావడం లేదా, వచ్చి ఆగిపోతోందా? ఎలా తేల్చాలి?

రెండు తువ్వాళ్లు తడిపి, స్పిన్ చేసి, డ్రమ్ములో వేయండి. సెన్సర్ ప్రోగ్రామ్ వద్దు. టైమర్ ప్రోగ్రామ్ 20 నిమిషాలకు, ఎక్కువ వేడికి పెట్టండి. ఉత్త డ్రమ్ముతో పరీక్షిస్తే కొన్ని మెషిన్లు బట్టలు ఆరిపోయాయనుకుని వెంటనే ఆపేస్తాయి, అందుకే తువ్వాళ్లు. మూడో నిమిషంలో ఒకసారి, పదో నిమిషంలో ఒకసారి ఆపి తలుపు తీసి చెయ్యి పెట్టి చూడండి.

రెండుసార్లూ చల్లగా ఉంటే హీటరుకు కరెంటు అందడం లేదు, లేదా కాయిల్ తెగింది. మొదట వేడెక్కి తర్వాత చల్లబడితే గాలి దారి మూసుకుపోయింది, వేడి లోపలే పేరుకుని కటౌట్ ఆపేస్తోంది. రెండుసార్లూ గోరువెచ్చగానే ఉంటే ఓల్టేజి తక్కువగా ఉండొచ్చు, రెండు కాయిల్స్ ఉన్న హీటరులో ఒకటి పోయి ఉండొచ్చు.

మెషిన్ విప్పకుండా ఇంకో పరీక్ష ఉంది. ఇంట్లో మిగతావన్నీ ఆపేసి, డ్రయ్యర్ ఒక్కటే వేసి కరెంటు మీటరు దగ్గర నిలబడండి. మీటరు మీద యూనిట్‌కు 1600 ఇంపల్స్ అని రాసి ఉంటే, 2000 వాట్ల హీటరూ మోటారూ కలిసి నడుస్తున్నప్పుడు ఎర్ర లైటు దాదాపు సెకనుకోసారి మిణుకుమంటుంది. ఉత్త మోటారే తిరుగుతుంటే నిమిషానికి ఆరేడుసార్లు మించదు. 3200 ఇంపల్స్ మీటరైతే ఈ లెక్క రెట్టింపు. మొదలెట్టిన తొలి ఐదు నిమిషాల్లోనే చూడాలి, తర్వాత హీటరు ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి లెక్క కుదరదు. హీట్ పంపుకు ఈ రెండు పరీక్షలూ వర్తించవు.

సెట్టింగ్ వల్ల కూడా వేడి రాకుండా ఉంటుందా?

ఉంటుంది. ‘కూల్ ఎయిర్’, ‘రిఫ్రెష్’ లాంటివి చాలా మెషిన్లలో చల్లగాలి ప్రోగ్రాములు. ప్రతి ప్రోగ్రామ్ చివరా బట్టలు ముడతలు పడకుండా కొన్ని నిమిషాలు చల్లగాలే తిరుగుతుంది, అప్పుడు తలుపు తీసి వేడి లేదనుకోవద్దు.

పీచు ఫిల్టర్ ప్రతిసారీ దులుపుతున్నాం. ఇంకా గాలి దారి ఎక్కడ మూసుకుంటుంది?

దులిపిన ఫిల్టరే ముందు అనుమానితురాలు. ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడే ఇళ్లలో జాలీ మీద కంటికి కనపడని జిడ్డు పొర పడుతుంది. ఫిల్టర్‌ని కుళాయి కింద పట్టి చూడండి. నీళ్లు జాలీ దాటకుండా పైన నిలిస్తే గాలి కూడా దాటదు. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెల సబ్బు, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టండి.

తర్వాత ఫిల్టర్ కూర్చునే గాడి. అందులో పీచు చాపలా పేరుకుని ఉంటుంది. వాక్యూమ్ క్లీనర్ సన్న ముక్కు పెట్టి లాగండి. వాక్యూమ్ లేకపోతే సీసాలు కడిగే పొడవాటి బ్రష్ చాలు.

వెంటెడ్ మెషిన్‌కు అసలు గొడవ వెనక గొట్టంలోనే. మెషిన్‌ను గోడకు నెట్టినప్పుడు అకార్డియన్ గొట్టం నలిగిపోతుంది. గొట్టం పొడవు పెరిగినకొద్దీ, మలుపులు పెరిగినకొద్దీ గాలి తగ్గుతుంది. రెండు మలుపులు దాటకుండా, వీలైనంత పొట్టిగా ఉంచండి. బయటి మూతి దగ్గర దోమలు రాకుండా సన్న జాలీ బిగించే అలవాటు మన దగ్గర ఉంది. నెలలోపే దానికి పీచు అట్టకట్టేస్తుంది, జాలీ తీసేసి గాలికి తెరుచుకునే రెక్కల మూత పెట్టించండి. అపార్టుమెంట్లలో పావురాల సంగతి చెప్పనక్కర్లేదు. వేసవంతా వాడని గొట్టంలో పుల్లలు, ఈకలు దొరికితే ఆశ్చర్యపోవద్దు.

అనుమానం తీరాలంటే గొట్టం ఊడదీసి, కిటికీలు తెరిచి, పది నిమిషాలు నడపండి. వేడి నిలిస్తే తప్పు గొట్టానిదే, మెషిన్‌ది కాదు. అలాగని గొట్టం లేకుండానే వాడుకోవడం మొదలెట్టొద్దు. మూసిన యుటిలిటీలో అదే తడి గాలి తిరిగి లోపలికే వెళ్తుంది.

కండెన్సర్ మెషిన్‌లో ఏం చూడాలి?

రేకుల దిమ్మను నెలకోసారి బయటికి లాగి, వెనక వైపు నుంచి కుళాయి నీళ్లు ధారగా పోయండి. పీచు తాళ్లలా బయటికొస్తుంది. చాకు, పుల్ల పెట్టి గీకొద్దు, రేకులు ఒరిగిపోతాయి. తిరిగి పెట్టేటప్పుడు చుట్టూ ఉన్న రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. సందు మిగిలితే తడి గాలి బయటికి తన్ని గోడలు చెమ్మగిల్లుతాయి.

ఇంకో సంగతి. చాలా కంపెనీల మాన్యువళ్లు గది వేడి 35 డిగ్రీలు దాటకూడదంటాయి. పడమటి ఎండ పడే యుటిలిటీలో మే నెల మధ్యాహ్నం ఆ హద్దు సులువుగా దాటుతుంది. ఆవిరిని చల్లబరచడానికి చల్లగాలే లేనప్పుడు మెషిన్ తనను తాను కాపాడుకోవడానికి హీటరు ఆపేస్తుంది. తెల్లవారుజామున వేసి చూడండి. పనిచేస్తే రిపేరు లేదు. ఆ ఎండలో డ్రయ్యర్ ఎందుకంటే, దానికి మా దగ్గర జవాబు లేదు.

సాయంత్రాలు మాత్రమే వేడి తగ్గుతోంది. ఎందుకు?

ఓల్టేజి. హీటరిచ్చే వేడి ఓల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. 230 ఓల్టుల దగ్గర 2000 వాట్లిచ్చే కాయిల్ 200 దగ్గర సుమారు 1500, 180 దగ్గర 1225 మాత్రమే ఇస్తుంది. రోహిణి కార్తె రాత్రుళ్లు వీధిలో ఏసీలన్నీ ఒకేసారి పడితే 180 వింతేం కాదు. పైగా కొన్ని మోడళ్లలో మోటారు పూర్తి వేగం అందుకున్నాకే దాని లోపలి స్విచ్ హీటరుకు కరెంటు వదులుతుంది. ఓల్టేజి మరీ పడితే మోటారు ఆ వేగం అందుకోదు, హీటరు వెలగదు.

వరసగా నాలుగు సాయంత్రాలు సాకెట్ దగ్గర ఓల్టేజి రాసిపెట్టి 1912కు ఫిర్యాదు చేయండి. అంకెలుంటే లైన్‌మన్ వినే తీరే వేరు. స్టెబిలైజర్ పెడితే ఫ్రిజ్‌ది పనికిరాదు, ఏసీకి వాడే 4 కేవీఏ రకం కావాలి. ఇంటి ఇన్వర్టరు మీద డ్రయ్యర్ హీటరు నడవదు, ప్రయత్నించొద్దు.

సాకెట్, ప్లగ్ వల్ల వేడి పోతుందా?

2000 వాట్ల మెషిన్ దాదాపు 9 యాంపులు, 2500ది 11 యాంపులు లాగుతుంది. కనీసం గంటసేపు. దానికి 16 యాంపుల పవర్ ప్లగ్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, విడిగా ఎంసీబీ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దే వద్దు. అరగంట నడిపి, స్విచ్ ఆపి, ప్లగ్ టాప్ లాగి పిన్నులు ముట్టుకోండి. చురుక్కుమంటే, పిన్ను మొదట్లో ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి ఉంటే సాకెట్ లోపలి స్ప్రింగు వదులైంది. ప్లగ్గూ సాకెట్టూ రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని కూడా కాల్చేస్తుంది.

మల్టీమీటరుతో నేనే చూసుకోవచ్చా?

వారంటీ అయిపోయి, ఓమ్స్ కొలవడం వచ్చి ఉంటే చూడొచ్చు. కరెంటు ఉండగా కొలిచే పని ఒక్కటి కూడా ఇందులో లేదు. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ లాగేయాలి. పది నిమిషాలు ఆగండి, హీటరు చల్లారాలి, మోటారు కెపాసిటర్‌లో ఛార్జి దిగాలి.

వెనక రేకు స్క్రూలు తీయండి. కొన్నింటికి నక్షత్రం తల ఉంటుంది, టీ20 బిట్టు కావాలి. తీగలు కదపకముందే ఫొటో తీయండి. హీటరు ఒక రేకు డబ్బాలో ఉంటుంది, దాని ఒంటి మీదే రూపాయి బిళ్లంత గుండ్రటి ముక్కలు ఒకటో రెండో బిగించి ఉంటాయి. అవే థర్మల్ కటౌట్, థర్మోస్టాట్ (వేడిని బట్టి హీటరును ఆపి వేసే స్విచ్).

మీటరు పట్టుకోకముందు కళ్లతో చూడండి. తీగ కొనల్లో ఉండే లగ్గు (తీగను టెర్మినల్‌కు తగిలించే లోహపు ముక్క) నల్లబడి, పక్కన తీగ తొడుగు పెళుసుబారి ఉంటే అక్కడే దొరికింది దొంగ. వదులైన లగ్గు వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ ఇంకా వదులవుతుంది, చివరికి మసిపట్టి కరెంటు ఆగుతుంది. కాయిల్, కటౌట్ రెండూ బాగుండి వేడి రాని మెషిన్లలో తప్పు చాలాసార్లు ఈ అంగుళం ముక్కలోనే ఉంటుంది. మంచి రాగి కనపడేదాకా తీగ కోసి, వేడి తట్టుకునే లగ్గు క్రింపింగ్ టూల్‌తో నొక్కి, ఫైబర్‌గ్లాస్ తొడుగు వేయాలి. ఇన్సులేషన్ టేపు అక్కడ కరిగిపోతుంది.

తర్వాత కొలతలు. ప్రతి భాగానికీ కనీసం ఒక తీగ ఊడదీసి కొలవండి, లేకపోతే పక్క దారిలో తిరిగి తప్పు అంకె చూపిస్తుంది. కటౌట్, థర్మోస్టాట్ చల్లగా ఉన్నప్పుడు బీప్ కొట్టాలి, సున్నా ఓమ్స్ దగ్గర చూపాలి. మోగకపోతే అది తెరుచుకుంది. కొన్నింటికి మధ్యలో చిన్న రీసెట్ పిన్ను ఉంటుంది, నొక్కితే టిక్కుమంటుంది. పిన్ను లేనిది ఒకసారి పోతే మార్చాల్సిందే.

కాయిల్‌కు లెక్క సులువు: 52,900ని కాయిల్ వాట్స్‌తో భాగించండి. 2500కు 21 ఓమ్స్, 2000కు 26, 1000కి 53. రెండు కాయిల్స్ ఉంటే విడివిడిగా కొలవాలి. అంకెకు కాస్త అటూ ఇటూ ఉంటే బాగున్నట్టే, ఓఎల్ అని చూపిస్తే తెగినట్టే. చివరగా ఒక కొన కాయిల్ టెర్మినల్‌కు, ఇంకోటి రేకు డబ్బాకు పెట్టండి. అక్కడ ఏమీ చూపకూడదు. చూపిందంటే కాయిల్ బాడీకి తగులుతోంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పదే పదే ట్రిప్ అవుతున్న ఇళ్లలో కారణం ఇదే కావచ్చు. ఆ మెషిన్‌ని మళ్లీ ప్లగ్‌లో పెట్టొద్దు.

మెకానిక్ ఫ్యూజు (థర్మల్ కటౌట్) తీసి డైరెక్ట్ చేశాడు, ఇప్పుడు బాగా వేడొస్తోంది. అలా వాడుకోవచ్చా?

వాడకూడదు, ఒక్కసారి కూడా. ఆ కటౌట్ ఊరికే పోదు. గాలి ఆడక డబ్బా హద్దు దాటి కాలినప్పుడో, థర్మోస్టాట్ అతుక్కుపోయి హీటరు ఆగనప్పుడో తెగుతుంది. దాన్ని తీగతో కలపడం ముక్కూ నోరూ మూసినవాణ్ని పరుగెత్తమనడమే. డ్రమ్ము చుట్టూ పొడి పీచు ఉంటుంది, అది అంటుకోవడానికి నిప్పురవ్వ కూడా అక్కర్లేదు, ఎర్రగా కాలే కాయిల్ చాలు.

కొత్త కటౌట్ కొనేటప్పుడు పాతదాని మీద అచ్చేసిన డిగ్రీలు, యాంపులు రెండూ సరిపోవాలి. దొరకలేదని ఎక్కువ డిగ్రీలది వేయడం డైరెక్ట్ చేయడం కంటే కొంచెమే నయం. కటౌట్, థర్మోస్టాట్ జతగా అమ్మే మోడళ్లకు జతే మార్చండి. కారణం వెతక్కుండా ఫ్యూజు ఒక్కటే మారిస్తే అది కూడా త్వరలోనే పోతుంది.

థర్మిస్టర్ పాడైతే ఎలా తెలుస్తుంది?

గాలి వేడిని మెషిన్‌ను నడిపే కంట్రోల్ బోర్డుకు చెప్పే సెన్సర్ అది. చాలా మెషిన్లలో 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్స్ ఉండే రకం వాడతారు. వేడి పెరిగితే అంకె తగ్గాలి. మన ఊళ్లో 40 డిగ్రీల గదిలో కొలిచి 5, 6 కిలో ఓమ్స్ వచ్చాయని పాడైందనుకోవద్దు, అదే సరైన అంకె. గది ఒంటి వేడికంటే చల్లగా ఉన్నప్పుడు పిడికిట్లో పట్టుకుంటే అంకె నెమ్మదిగా దిగాలి. కదలకుండా ఉన్నా, గెంతులేస్తున్నా మార్చండి. మీ మోడల్‌కు వేరే విలువ ఉండొచ్చు, సర్వీస్ మాన్యువల్‌తో సరిచూసుకోండి.

అన్నీ బాగున్నాయి, అయినా వేడి లేదు. బోర్డు పోయిందా?

అప్పుడు బోర్డు వంతు. హీటరుకు కరెంటిచ్చే రిలే మొదలైన కొన్ని సెకన్లలో టక్కుమనాలి. శబ్దం లేకపోతే రిలేకి ఆజ్ఞ అందడం లేదు, శబ్దం ఉండి వేడి లేకపోతే దాని కాంటాక్టులు కాలిపోయి ఉండొచ్చు. కోస్తాలో ఇంకో కారణం బల్లి. వెచ్చగా ఉంటుందని లోపలికి దూరి బోర్డు మీద ఎండిపోయి దొరుకుతుంది. చీమలు రిలే దగ్గర గూడు పెడతాయి, ఎలుకలు తీగలు కొరుకుతాయి. బోర్డు కొత్తది కొనే ముందు, ఏసీ బోర్డులు చేసే చిప్ లెవెల్ షాపులో చూపించండి. రిలే ఒక్కటే మారిస్తే సరిపోయే బోర్డులు చాలా ఉంటాయి. వాళ్లకు పాత బోర్డుతో పాటు రేటింగ్ ప్లేటు ఫొటో కూడా ఇవ్వండి.

వాషర్ డ్రయ్యర్‌లో ఉతుకు బాగుంది, ఆరడమే లేదు.

ముందు బరువు. 8 కిలోలు ఉతికే డ్రమ్ము ఆరబెట్టేది చాలా మోడళ్లలో 5 కిలోలే. రెండు డబుల్ బెడ్‌షీట్లు, నాలుగు లుంగీలు, తువ్వాళ్లు కలిపి ఉతికి అలాగే డ్రైకి వదిలేస్తే వేడి వచ్చినా ఆరవు. సగం తీసేయండి. స్పిన్ 1200 పైన పెట్టండి.

తర్వాత కుళాయి. వీటిలో చాలా రకాలు ఆవిరిని చల్లటి నీళ్లతో నీరుగా మారుస్తాయి, అంటే ఆరబెట్టేటప్పుడు కూడా నీళ్లు కావాలి. ఉతకడం అయిపోయిందని కుళాయి కట్టేస్తే బట్టలు వేడిగా, తడిగా, ఆవిర్లు కక్కుతూ వస్తాయి.

కొలిచేవాళ్లకు ఒక హెచ్చరిక. ఇందులో రెండు హీటర్లుంటాయి. టబ్ కింద నీళ్లు కాచేది ఒకటి, పై గొట్టంలో గాలి కాచేది ఒకటి. కిందిది కొలిచి బాగుందని మూసేయడం తరచూ జరిగే పొరపాటు. చూడాల్సింది పైది. ఆ గొట్టంలో పీచు కూడా పేరుకుంటుంది, చాలా మోడళ్లలో దానికి విప్పి దులిపే ఫిల్టరే లేదు.

హీట్ పంపు డ్రయ్యర్ వేడెక్కడం లేదు.

దీనిలో సాధారణంగా కాయిల్ ఉండదు, ఏసీ లాంటి కంప్రెసర్ ఉంటుంది. గాలి 50 డిగ్రీల చుట్టూనే ఉంటుంది, అదీ పావుగంట తర్వాత. ‘పాత మెషిన్‌లా కాలడం లేదు’ అన్నది ఫిర్యాదు కాదు. మధ్యలో ఆపి వేస్తే కంప్రెసర్ కొన్ని నిమిషాలు ఆగి మొదలవుతుంది. అడుగున రేకుల మీద పీచు ఉంటే మెత్తటి బ్రష్‌తో నిలువుగా మాత్రమే దులపండి. అరగంటైనా గాలి చల్లగానే ఉండి, ట్యాంకులోకి నీటిచుక్క రాకపోతే గ్యాస్ కారిందో, కంప్రెసర్ ఆగిందో. ఆర్290 మండే గ్యాస్, అది కంపెనీ టెక్నీషియన్ పని.

అమెరికా నుంచి సామానుతో పాటు డ్రయ్యర్ తెచ్చుకున్నాం. డ్రమ్ము తిరుగుతుంది, వేడి లేదు.

అక్కడి మెషిన్‌లో మోటారు 120 ఓల్టులకు, హీటరు 240కి. రెండు ఫేజులూ ఒక న్యూట్రలూ కలిసిన సరఫరా మీద నడుస్తుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో 120 ఇస్తే మోటారు తిరుగుతుంది, హీటరుకు కావాల్సిన 240 రాదు. నేరుగా మన 230 ఇస్తే మోటారు కాలుతుంది. హీటర్లు 5000 వాట్ల పైన ఉంటాయి కనుక 16 యాంపుల సాకెట్ ఎలాగూ మోయదు. వాళ్ల 60 హెర్ట్‌జ్ మోటారు మన 50 మీద ఆరో వంతు నెమ్మదిగా తిరిగి గాలి కూడా తగ్గిస్తుంది. అమ్మేసి ఇక్కడిది కొనుక్కోవడం మేలు. వీడియోల్లో వాళ్లు చెప్పే ‘రెండో బ్రేకర్ పడిపోయింది’ అనే సలహా కూడా మన సింగిల్ ఫేజు ఇళ్లకు పనికిరాదు.

వరద నీళ్లలో మునిగింది. ఆరబెట్టి వేయొచ్చా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు ఎన్నో మెషిన్లకు ఇదే ప్రశ్న వచ్చింది. పైకి ఆరినా హీటరు డబ్బాలో, మోటారు చుట్టలో బురద ఉంటుంది. స్విచ్ వేసి చూద్దామనుకోవద్దు. రేకులు విప్పి, మంచినీళ్లతో బురద కడిగించి, పూర్తిగా ఆరబెట్టి, మెగ్గర్‌తో ఇన్సులేషన్ కొలిపించాకే కరెంటు ఇవ్వాలి. బోర్డు మునిగి ఉంటే దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

వేడి బాగానే ఉంది, కానీ తడిగా ఉండగానే ఆగిపోతోంది.

డ్రమ్ము అంచున మెరిసే రెండు స్టీలు పట్టీలు తేమ సెన్సర్లు. బోరు నీళ్ల ఉప్పు, గంజి, కండిషనర్ జిడ్డు వాటి మీద పొరకడతాయి. వెనిగర్ అద్దిన గుడ్డతో తుడవండి. గంజి పెట్టిన చీరలు, చొక్కాలు డ్రయ్యర్‌లో వేయకండి, ఎండకే వదిలేయండి. నూనె మరకల వంటింటి గుడ్డలు, తలంటుకు ముందు వాడిన నూనె తువ్వాళ్లు అసలే వద్దు. ఉతికినా మిగిలిన నూనె వేడికి తనంతట తనే రాజుకోగలదు.

సర్వీస్‌కు ఫోన్ చేసేటప్పుడు ఏం చెప్పాలి?

మోడల్ నంబరు, సీరియల్ నంబరు, కొన్న తేదీ. డ్రమ్ము తిరుగుతోందా, మూడో నిమిషంలో, పదో నిమిషంలో వేడి ఎలా ఉంది, సాకెట్ దగ్గర ఓల్టేజి ఎంత. ఇవి చెబితే మనిషి కటౌట్ జేబులో వేసుకునే వస్తాడు. మార్చిన పాత ముక్కను అడిగి తీసుకోండి, బిల్లులో దాని పేరు రాయించండి. వారంటీలో ఉండి కూడా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.